మొదటి పాయ

ముప్పై ఏళ్లుగా నేను మా ఓరురో పట్టణం సంతలో చూన్యో అమ్ముతున్నాను. మంచుకు గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి, ఎండబెట్టిన నల్ల బంగాళాదుంప అది. రాయిలా ఉంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ బేరంలో నేను నేర్చుకున్నది ఒకటే: మన దగ్గర ఏదో ఒకటి పుచ్చుకున్న మనిషి మన వైపే మొగ్గుతాడు. కొసరుగా ఒక పిడికెడు వేస్తే చాలు, మర్నాడు పక్క కొట్టు వైపు చూడడు. ఈ సూత్రాన్ని నేను ఇంటికి కూడా తెచ్చుకున్నాను. దాని ఖరీదు నా మనవరాలు చెల్లించింది.

నాయ్రాకు ఐదేళ్లు. నా కూతురు పోయాక తండ్రి రుఫో దగ్గర పెరిగింది. ఆ ఇంటి పక్కవాళ్లు కబురు పెడితే వెళ్లి తెచ్చుకున్నాను. అప్పటికే పిల్ల మాట్లాడటం మానేసింది. ఏం జరిగిందని అడిగితే గోడ వైపు తిరిగి పడుకునేది. నెల తిరక్కుండానే, బిడ్డ నాది, నాకిప్పించండి అని రుఫో కోర్టుకెక్కాడు. ఎవరి దగ్గర ఉంచాలో జడ్జి తేల్చాలి. అంతకుముందు పిల్లల రక్షణ ఆఫీసు నుంచి సామాజిక కార్యకర్త వచ్చి, ఇల్లు చూసి, పిల్లతో మాట్లాడి, నివేదిక రాయాలి.

అలా వచ్చింది ఆల్బా సెస్పెదెస్. చదువుకున్న ఆడవాళ్లను మేం లిసెన్సియాదా అంటాం, పెద్దవాళ్లయితే ఆడవాళ్లను దోన్యా, మగవాళ్లను దోన్ అంటాం. మొదటి రోజే వేరుశెనగ సూప్ చేసి, పెద్ద ఎముక ఏరి ఆమె గిన్నెలో వేశాను.

"తినండి లిసెన్సియాదా. ఊరికే చూస్తే చల్లారిపోతుంది."

"వాసనకే సగం కడుపు నిండింది దోన్యా నికనోరా. మిగతా సగానికి ఇంటి నుంచి రొట్టె తెచ్చుకున్నా."

"వండి పెట్టింది కాదంటే మొహం మీద కొట్టినట్టే. మీ అమ్మ నేర్పలేదా?"

"నేర్పింది. ఈ సంగతి తెలిస్తే చెవి మెలేస్తుంది కూడా. కానీ మా పనికి ఒక నియమావళి ఉంది. మీ ఇంట్లో తిని మీ గురించి రాస్తే, ఆ రాతలో మీ ఉప్పు ఉందంటారు. నేను నిజమే రాసినా నమ్మరు."

ఆమె చూన్యో కూడా నా దగ్గర కొనేది కాదు. సంత ఆ చివరకు నడిచి వెళ్లి, పుచ్చు దుంపలు మోసుకుపోయేది. నా పక్క కొట్టు ప్రిమితీవా అది చూసి నవ్వింది.

"చిన్నది ముట్టుకోలేదంటే పెద్దదాని మీద కన్నేసిందనే వదినా. రుఫో ఏం ఇస్తున్నాడో కనుక్కో."

ఆ మాట నాకు ముల్లులా దిగింది.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆల్బా నన్ను బయట కూర్చోమంది. తను నేల మీద చతికిలబడి, రంగు పెన్సిళ్లు పరిచింది. గంట తర్వాత తలుపు సందులోంచి చిన్న గొంతు వినిపించింది. ఎనిమిది నెలల తర్వాత నా మనవరాలి గొంతు. లోపలికి వెళ్లేసరికి పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఉంది.

"ఏం చెప్పింది?" అని అడిగాను.

"అది నాయ్రా నమ్మి చెప్పుకున్న మాట దోన్యా. జడ్జికి తప్ప ఇంకెవరికీ చెప్పే హక్కు నాకు లేదు. మీక్కూడా."

"నేను దాని అమ్మమ్మని."

"అవును. అందుకే నేను చెప్తే ఎక్కువ నొచ్చుకుంటుంది. తనే చెప్పాలనుకున్న రోజు వినండి."

నేను దాన్ని తప్పించుకోవడం అనుకున్నాను. సరుకు చూపించకుండా ధర చెప్పే వాళ్లను నేను ఎన్నడూ నమ్మలేదు. ఈమె తిండి తినదు, దుంప కొనదు, మాట విప్పదు. మరి దేనితో పట్టాలి?

అప్పుడు పుట్టువెంట్రుకలు గుర్తొచ్చాయి. తల్లి పోవడంతో నాయ్రాకు ఆ వేడుక జరగలేదు, జుట్టు నడుం దాటింది. మాలో మొదటి పాయ కత్తిరించిన మనిషి ఆ బిడ్డకు మద్రినా అవుతుంది, అంటే రెండో తల్లి. ఆ బిడ్డ ఇంటి పెద్దవాళ్లకు కొమాద్రే, అంటే సొంత మనిషి అవుతుంది. తోడబుట్టినదైనా ఎదురు సాక్ష్యం చెప్పొచ్చుగాని, కొమాద్రే చెప్పదు.

ఐదోసారి ఆమె వస్తానన్న రోజే, అదే వేళకు వేడుక పెట్టాను. ఆమెకు మాత్రం ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే రాదని తెలుసు.

ఆమె వచ్చేసరికి గది నిండా మనుషులు. నడుమ పీట మీద తెల్ల గౌనులో నాయ్రా, జుట్టంతా సన్నని జడలు, జడకో రిబ్బను. నేను పూల పళ్లెంలో కత్తెర పెట్టి ఎదురెళ్లాను.

"ఇదిగో, మా పిల్ల మద్రినా వచ్చింది" అన్నాను అందరికీ వినిపించేలా.

చప్పట్లు కొట్టారు. ఆల్బా మొహం పాలిపోయింది. నా చెవి దగ్గరకు వంగింది.

"దోన్యా, నన్ను అడగలేదు మీరు."

"కత్తెర పట్టుకోడానికి అడగాలా?"

"అడగాలి. అడిగితే వద్దని చెప్పేదాన్ని. నేనిది చేయకూడదు."

అంతలో నాయ్రా ఒక జడ చేత్తో పట్టుకుని ఆమె వైపు చాచింది. "నువ్వే కత్తిరించు" అంది, నవ్వుతూ. ఆ నవ్వు నేను లెక్కలో వేసుకోలేదు. ఆల్బా ఆ జడను చూస్తూ నిలబడింది. గది గుసగుసలాడడం మొదలుపెట్టింది. పిల్ల చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, నవ్వు తగ్గుతోంది. అప్పుడు ఆమె మోకాళ్ల మీద కూర్చుని కత్తిరించింది. ప్రిమితీవా ఫోన్లో ఫొటో తీసింది.

నేను ఆమెను కావలించుకుని "కొమాద్రే" అన్నాను. ఆమె చేతులు కిందికే వేలాడాయి.

"రేపు ఆఫీసులో చెప్తాను" అంది.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"మీ ఇంటి నిండా జనం ఉన్నారు దోన్యా." అలసటగా నవ్వింది. "లేకపోయినా చెప్పేదాన్ని."

నాలుగు రోజులకు ఆమె పై అధికారి దోన్ ఫెర్మీన్ నన్ను పిలిపించాడు. ప్రిమితీవా సంతంతా చూపించిన ఆ ఫొటో అప్పటికే రుఫో లాయరు చేతికి చేరింది.

"వేడుక సంగతి ఆమెకు ముందే చెప్పారా?"

చెప్పలేదంటే, అధికారిని వలలో వేయబోయిన ముసలిదని రాసుకుంటారు. చెప్పానంటే ఆ బరువు ఆమె మీద పడుతుంది. నేను రెప్పపాటులో తూచాను.

"చెప్పాను. సంతోషంగా ఒప్పుకుంది."

ఆయన రాసుకున్నాడు. తర్వాత ఇంకో కాగితం తీసి చదివాడు, ఆమె రాసి ఇచ్చినది. "కత్తెర అందుకున్నది నేను. బిడ్డ చిన్నబుచ్చుకుంటుందని అందుకున్నాను. ఈ కేసులో కొనసాగే అర్హత నాకు లేదు. అమ్మమ్మకు మా నియమాలు తెలియవు, ఆమెను తప్పు పట్టవద్దు."



"నివేదిక ఎప్పుడో తయారైంది దోన్యా" అన్నాడు ఆయన. "పిల్ల మీ దగ్గరే ఉండాలని రాసింది. ఐదోసారి వచ్చింది, పిల్ల చెప్పిన మాటలు తప్ప మిగతాది మీకు చదివి వినిపించి సంతకం తీసుకోడానికి. ఇప్పుడది పంపలేం. కొమాద్రే రాసిన కాగితం అంటాడు ఆ లాయరు, అనడంలో తప్పు కూడా లేదు."

"మరి పిల్ల చెప్పింది?"

"మళ్లీ చెప్పాలి. కొత్త మనిషికి."

మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్లాను. నాకు ఉత్తినే రాబోతున్నదాన్ని దొంగ తూకంతో కొనబోయాను. ఆ తూకపురాయి పిల్ల మెడకు కట్టాను. పైగా ఇప్పుడు ఇంకో మనిషి తల మీద ఇంకో రాయి పెట్టి వస్తున్నాను. వెనక్కి తిరిగి మెట్లెక్కాను.

"నేను చెప్పింది కొట్టేయండి. ఆమెకేం తెలియదు. నేనే కావాలని చేశాను."

"ఇది రాస్తే కేసులో మీకే నష్టం" అన్నాడు దోన్ ఫెర్మీన్.

"రాయండి."

ఆల్బాను మందలించి వేరే పేటకు పంపారు. ఉద్యోగం నిలిచింది. సంతలో ఎదురైతే తల వంచి పలకరిస్తుంది, ఆగదు. మద్రినా ఎందుకు రాదని నాయ్రా అడిగినప్పుడు నేను దుంపలు ఏరుతూ కూర్చుంటాను.

కొత్తగా వచ్చిన కుర్రాడి పేరు ఎల్మెర్. మంచివాడే. నేను ఏమీ వండలేదు. అతనూ పెన్సిళ్లు పరిచాడు. మూడుసార్లు వచ్చినా పిల్ల నోరు విప్పలేదు. నాలుగోసారి బయట మెట్టు మీద కూర్చున్న నాకు దాని గొంతు వినిపించింది. కాసేపటికి ఏడుపు. ఆల్బాతో చెప్పినప్పుడు ఏడుపు వినలేదు. లేచి తలుపు దాకా వెళ్లాను. లోపలికి వెళితే ఈ కాగితం కూడా చెడుతుంది. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

అతను వెళ్లాక నాయ్రా వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం కడిగినట్టు తడిగా ఉంది.

"ఇంకా ఎంతమందికి చెప్పాలి అమ్మమ్మా?"

"ఇదే ఆఖరు" అన్నాను.

జడ్జి కూడా అడుగుతాడేమో, నాకు తెలియదు. విచారణ వచ్చే నెలకు వేశారు.