మాకూ రావట్లేదు తల్లీ

"నీళ్ళ ఆఫీసుకు ఈ నెల ఒక్క ఫిర్యాదూ రాలేదట!" అంటూ ఎడిటర్ కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు. ఆయన్ని చాటుగా అందరూ పిడుగు అంటారు, ఊరికే అనరు. "ఇది వాళ్ళు రాసిచ్చింది. నువ్వు తెచ్చిందేది? సాయంత్రానికి సొంత వార్త లేకపోతే ప్రకటనల విభాగానికి పోయి 'అద్దెకు ఇవ్వబడును'లు దిద్దుకో."

పాపం, కొత్త విలేకరి కాళ్ళరిగేలా తిరిగింది. బస్టాండు, సంత, ఆసుపత్రి అన్నీ చూసింది. ఏదీ దొరక్క మధ్యాహ్నం ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే, మేనత్త ఫోన్ గణగణా మోగుతూనే ఉంది, ఆవిడ తీసి మాట్లాడుతూనే ఉంది.

"అత్తా, నీకు దణ్ణం పెడతా, ఆ ఫోన్ పెట్టెయ్! నా ఉద్యోగం ఊడేలా ఉంటే నీకు కబుర్లా?"

"కబుర్లెక్కడివే! నెల్నాళ్ళుగా ఇదే గోల. ఎవరెవరో చేసి, అమ్మా నీళ్ళు రావట్లేదంటారు. మాకూ రావట్లేదు తల్లీ అంటాను. మీకే రాకపోతే ఇంక మాకేం వస్తాయి లెండి అని పెట్టేస్తారు."

ఆమె దిగ్గున లేచింది. ఓరి దేవుడా! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదూ!

"అత్తా, నువ్వు బంగారం!" అని బుగ్గ మీద ముద్దుపెట్టి ఒకటే పరుగు. నీళ్ళ ఆఫీసు గేటుకి ఫిర్యాదుల నంబరుతో కొత్త బోర్డు తగిలించి ఉంది. చివరి అంకె ఒకటి ఉండాల్సిన చోట ఏడు రాశారు మహానుభావులు. అచ్చం అత్త నంబరు! ఫోటో తీసుకుని లోపలికెళ్తే, అధికారి బల్ల మీది ఫోన్‌ని మురిపెంగా చూపించాడు.

"చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో!"

ఆమెకు నవ్వాగలేదు. ఆ సంతోషంలో తలుపు తట్టడం కూడా మరిచి ఎడిటర్ గదిలోకి దూసుకెళ్ళి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"మీ అత్త చెప్తే వార్తయిపోతుందా?" అంటూ పిడుగు ఫోటోలోని నంబరు తనే నొక్కి, స్పీకర్ పెట్టాడు.

"నీళ్ళేనా బాబూ?" అత్త గొంతు విసుగ్గా పలికింది. "మాకూ రావట్లేదు."



"మా ఇంట్లోనూ రావట్లేదమ్మా," అన్నాడు పిడుగు. ఫోన్ పెట్టేసి విలేకరి వైపు తిరిగాడు. "ఊఁ, ఇంకా నిలబడ్డావేం? పోయి రాయి. మొదటి పేజీ ఆపిస్తాను."