గొడుగులాయన ఎవరి మనిషి?

బడి వదిలాక పిల్లలు ఇంటికి పోవాలి. అది లోకం తీరు. ఆ వీధి పిల్లలు మాత్రం లైబ్రరీకి పోయి కాటా ముందు వరుస కట్టేవారు. అది కూడా చేతులు కడుక్కుని. లైబ్రరీ అత్తయ్య ముందు వేళ్లు చూసేది, ఆ తర్వాతే మాట వినేది.

కాటా పక్కనున్న కూరగాయల కొట్టుది. పైన పెద్ద పళ్లెం, కింద గుండ్రటి ముఖం, అందులో ఎర్ర ముల్లు. కొట్టాయన కొత్తది కొనుక్కుని పాతది లైబ్రరీకి ఇచ్చేశాడు. ఇప్పుడు దాని మీద తూగేవి 'మేడమెట్ల ముఠా' పుస్తకాలు. పుస్తకంలో పైకి రాయని సంగతేదైనా, ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరు ఎవరిని చూసి తప్పుకుంటున్నారో, కనిపెట్టి గట్టిగా అంటే, ఆ మాట నిజమైతే పుస్తకం బరువెక్కుతుంది. తప్పయితే ముల్లు కదలదు, అన్నవాళ్లు నోరు మూసుకుని వరుస చివరికి పోవాలి. ఇందులో వింతేముంది? తడిస్తే దుప్పటి బరువెక్కదూ?

కష్టమల్లా మోసేవాళ్లకే. గంట దొంగకి పాలవాడు మేనమామ అవుతాడని ఎవరో కనిపెట్టినప్పటి నుంచి మూడో పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లాలంటే ఇద్దరు కావాలి. ఆరోదాన్నయితే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్లేవారు. ఆ వీధి పిల్లల జబ్బలు చూసి పక్క బడివాళ్లు ఆటల పోటీలకి రావడం మానేశారు.

ఆ వరుసలో ఎప్పుడూ ముందుండే పిల్లని అందరూ 'అనుమానం' అని పిలిచేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది, పిలిచేవాళ్లు లేక అది తుప్పు పట్టింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అద్దెకి దిగిన కొత్తవాళ్లని చూసి, "ఆవిడకి పిల్లులంటే భయం, ఆయన దగ్గర ఓ పిల్లి ఉండేది, ఇప్పుడు లేదు" అని చెప్పి వాళ్లింట్లో చిన్న గొడవ పెట్టింది కూడా.

ఇక ఆ పుస్తకాలు రాసేది ఎదురుగా ఉన్న కళ్లజోళ్ల షాపావిడ. వచ్చినవాళ్లకి చూపు పరీక్ష చేసి, ఫ్రేము బిగించి, మధ్యలో కాస్త తీరిక దొరికితే కౌంటరు మీదే రాసుకునేది. ముక్కు మీద ఒక జోడు, నెత్తి మీద ఒక జోడు, మెడలో వేలాడుతూ ఇంకోటి. ఇన్ని పెట్టుకుని కూడా తాళంచెవి రోజూ వెతుక్కునేది. లైబ్రరీ అత్తయ్య ఈవిడకి స్వయానా వదిన, అన్న భార్య. ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకోకపోతే ఆ వదినా ఆడపడుచులకి పూట గడవదు.

షాపు వెనక గదిలో అద్దాలాయన ఉండేవాడు. చక్రం తిప్పుతూ, ఫ్రేముకి సరిపడేలా అద్దాల అంచులు అరగదీసే మనిషి. మాటకి పన్ను కడుతున్నంత పొదుపుగా మాట్లాడేవాడు. అలాంటివాడు సోమవారం ఉదయం కౌంటరు దగ్గరికొచ్చి ఏకంగా రెండు వాక్యాలు మాట్లాడాడు.

"వేరే ఊళ్లో పెద్ద వర్క్‌షాపులో పని దొరికిందండీ. శనివారం దాకా ఉంటాను."

"సరే," అందావిడ కాగితాల్లోంచి తలెత్తకుండా. "వెళ్లే ముందు చక్రానికి నూనె వెయ్యండి."

అంతే. ఆ మధ్యాహ్నమే పదో పుస్తకంలో గొడుగులాయన్ని ఓడెక్కించేసింది. గొడుగులాయనంటే మొదటి పుస్తకం నుంచీ మెట్ల కింద కూర్చుని గొడుగులు బాగుచేస్తూ, ముఠా పిల్లలు ఆపదలో పడ్డప్పుడల్లా సరిగ్గా అవసరమైన మాట ఒకటే చెప్పి మళ్లీ తల దించుకునే మనిషి. ఆ మనిషి ఓడెక్కి వెళ్లిపోతాడు, ఇక తిరిగి రాడు.

"పాపం, ఎందుకే?" అని వదిన అడిగితే, "కథ అలా పోయింది వదినా, నేనేం చెయ్యను," అంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అత్తయ్య పెదవికైతే అసలు గడియే లేదు. మర్నాటికల్లా వీధి పిల్లలందరికీ ఓడ సంగతి తెలిసిపోయింది. కొందరు ఏడ్చారు. ఒకడు కళ్లజోళ్ల షాపుకేసి నాలుక చాపి వచ్చాడు. అనుమానం ఏడవలేదు. పుస్తకాలన్నీ ముందేసుకుని బుధవారం సాయంత్రం దాకా చదివి, వరుసలో అందర్నీ తోసుకుంటూ కాటా దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, రెండోదీ ఏడోదీ కలిపి పెట్టు."

"ముందు మోచెయ్యి తియ్యి. నీ మోచెయ్యి ఎంత బరువో నాకు తెలుసు."

మోచెయ్యి తీసింది. గొంతు పెంచి, జడ్జి ముందు నిలబడ్డ లాయరులా అంది, "గొడుగులాయన, స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఆవిడ, ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. చెల్లెలికి చెప్పకుండా ఏ అన్నా ఓడెక్కడు. కాబట్టి ఆయన ఎక్కకూడదు!"

ముల్లు కదల్లేదు.

"పో, పో, చివరికి పో!" అని వెనక నుంచి కేకలు.

"ఆగండర్రా! సాక్ష్యాలు చెప్పనివ్వరేం? బెంచీ మీద ఎవరూ లేకపోయినా ఇద్దరూ ఆ అంచునే కూర్చుంటారు, పక్కన ఇంకెవరో వస్తారన్నట్టు."

ముల్లు కొంచెం జరిగింది. కేకలు ఆగాయి.

"బిస్కెట్ ఇస్తే ఇద్దరూ సగమే తింటారు. మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటారు."

పళ్లెం కిందికి దిగింది.

"తలుపు బార్లా తీసున్నా గొంతు సవరించుకోకుండా లోపలికి రారు. సొంత ఇంటికైనా సరే!"

కాటా కింద బల్ల కిర్రుమంది. అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి వీధంతా వినేలా పిలిచింది. "ఓ ఆడపడుచూ! నీ పుస్తకాల్లో ఎవరో దాక్కున్నారు. వచ్చి బయటికి లాగు!"

ఆవిడ పదో పుస్తకం కాగితాలున్న సంచీ చంకకి తగిలించుకుని రోడ్డు దాటి వచ్చింది. సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకర్రా? రాసింది నేను. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు."

అందరూ ముల్లుకేసి చూశారు. ఉలకలేదు, పలకలేదు.

"చూశావా, నీ మాట నమ్మట్లేదు," అంది అత్తయ్య.

"దానికేం తెలుసు వదినా? వంకాయలు తూచిన కాటా!"

"వంకాయల దగ్గర ఆడని అబద్ధం నీ దగ్గర ఆడుతుందా?"

ఇక పిల్లలు ఆగలేదు. తల్లీకొడుకులన్నారు. కదల్లేదు. మొగుడూపెళ్లాలని అత్తయ్య అంటే అందరూ కిసుక్కుమన్నారు. అయినా కదల్లేదు. ఒక్కరే రెండు వేషాలు వేస్తున్నారన్నాడు పళ్లూడిన బుడతడు. ముల్లు చలి వేసినట్టు వణికింది గానీ ముందుకు పోలేదు.

"ఎలా అవుతుందిరా?" అందావిడ. "ఏడో పుస్తకంలో ఆయన ఆవిడ దగ్గరే టిక్కెట్ కొంటాడుగా. నేనే రాశాను."

అనుమానం ముల్లునే చూస్తోంది. గోరు కొరుక్కుంది. తర్వాత మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది, "ఇద్దరూ ఇంకొకళ్లు. ఒకే మనిషిని చూసి ఇద్దర్నీ రాశారు."

పళ్లెం దబ్బున దిగింది. ముల్లు చుట్టంతా తిరిగొచ్చి ఇంక పోవడానికి చోటు లేక ఆగిపోయింది. బల్ల కాలొకటి విరిగింది.

ఆవిడ ముక్కు మీది జోడు తీసి నెత్తి మీది జోడు పెట్టుకుంది. "నేనా? ఎవర్ని చూశాను?"

"నాకేం తెలుసు ఆంటీ. రాసింది మీరేనన్నారుగా."

సరిగ్గా అప్పుడే, బార్లా తీసున్న తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

పిల్లలంతా ఒక్కసారి తిరిగారు. అద్దాలాయన. చేతులకి పట్టిన అద్దాల పొడి తువ్వాలుతో తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "కస్టమరొచ్చారండీ. అద్దంలో మొహం చూసుకుంటున్నారు. తొందరేం లేదు."

అత్తయ్య కళ్లల్లో ఏదో చిలిపిగా వెలిగింది. "తొందర లేదుగా, కూర్చోండి. టీ తాగి వెళ్దురుగాని."

అతను కూర్చున్నాడు. గోడ పక్కన పొడుగాటి బెంచీ, దాని మీద పురుగు కూడా లేదు. ఆ చివరి అంచున కూర్చున్నాడు. పిల్లలు అతన్ని కాదు, అతని పక్కనున్న ఖాళీని చూస్తున్నారు. అత్తయ్య ఫ్లాస్కులోంచి టీ పోసి, బిస్కెట్ చేతికిచ్చి పక్కకి తప్పుకుంది. అతను బిస్కెట్ విరిచాడు. సగం టీలో ముంచుకుని తిన్నాడు. మిగతా సగం కాగితంలో చుడుతుండగా లైబ్రరీలో ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటా అని తలెత్తాడు.

"ఏమైందండీ?"

"ఆ సగం ఎవరికి?" అంది అత్తయ్య.

"మేడం గారికండీ. రాసుకునేటప్పుడు పక్కన పెడితే తింటారు. అడిగితే మాత్రం వద్దంటారు."

"నేనా?" అందావిడ. "నేనెప్పుడు తిన్నాను?"

"రోజూనండీ."

అనుమానం ఊరుకుంటుందా? బెంచీ దగ్గరికి పోయి ఖాళీని వేలితో చూపించింది. "మరి ఇక్కడ చోటెందుకు వదిలారు అంకుల్?"

అతను ఆ ఖాళీని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఏమోనమ్మా. వెనక గదిలోనూ బెంచీ ఉందిగా. మేడం గారు ఎప్పుడైనా వచ్చి కూర్చుంటారేమోనని అలవాటైపోయింది."

"వచ్చారా ఎప్పుడైనా?"

"లేదమ్మా. పని ఎక్కువ కదా."

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఉంటేనే బాగుండేదేమో, ఆవిడ ఎదురు నాలుగు మాటలనేసి తేలిగ్గా తప్పించుకునేది. వీధిలో అందరి కళ్లూ దీపం వేసి మరీ చూసిన మనిషి, తన గోడకి అవతలున్న ఈయన్ని మాత్రం చూడకుండానే చూసి, పుస్తకాల నిండా రాసుకుంది. ఒకసారి గొడుగు చేతికిచ్చి, ఒకసారి టిక్కెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టి. ఇవాళ బుధవారం. మధ్యలో ఉన్నవి రెండు రోజులు.

ఆవిడ అతనికేసి చూడలేదు. అనుమానం వైపు తిరిగి అంది, "గొడుగులాయన ఓడెక్కడం ఆ వీధిలో ఎవరికీ ఇష్టం లేదు."

చంకలోని సంచీ కొంచెం కిందికి జారింది. ఆవిడ ఎగదోసుకుంది.

"ఎవరికీనా?" అని అత్తయ్య కొండంత రాగం తీసింది. "ఎవరెవరికీ?"

"నువ్వూరుకో వదినా."

"నేనూరుకుంటానే. కాగితాలు ఊరుకోవాలిగా."

ఆవిడ ఈసారి తిన్నగా బెంచీకేసి చూసి అంది, "నాకిష్టం లేదు."

సంచీ పట్టీ పటుక్కున తెగింది. కాగితాల కట్ట నేల మీద పడ్డ చప్పుడుకి టీ గ్లాసు ఎగిరి పడింది, పక్క కొట్లో ఉల్లిపాయలు దొర్లాయని తర్వాత కొట్టాయన వచ్చి ఫిర్యాదు చేశాడు.

అద్దాలాయన లేచి, కట్ట ఎత్తి ఇద్దామని వంగాడు. రాలేదు. తువ్వాలు నడుముకి బిగించి మళ్లీ ప్రయత్నించాడు. అంగుళం లేచింది. ఆవిడ ఒక్కతే ప్రయత్నిస్తే అదీ లేవలేదు. ఎన్ని పుస్తకాలు మోసిన జబ్బలో, పిల్లలు సాయం పడదామని ముందుకొచ్చారు. అత్తయ్య కళ్లతోనే వాళ్లని వెనక్కి నెట్టింది. చివరికి ఆవిడ ఒక పక్క, అతను ఇంకో పక్క పట్టుకుంటే లేచింది. పీతల్లా అడ్డంగా నడుచుకుంటూ ఇద్దరూ గుమ్మం దాటారు, మెట్లు దిగారు.

రోడ్డు మధ్యకొచ్చేసరికి చేతులు లాగేసి అక్కడే దింపేశారు. ఇటొక బస్సు ఆగింది, దాని వెనక రెండు స్కూటర్లు.

"దీన్ని నేనొక్కదాన్నే ఎత్తలేను," అందావిడ రొప్పుతూ.

"ఎత్తలేరండీ."

"రోజూ పొద్దున బల్ల మీద పెట్టాలి. సాయంత్రం దింపాలి. ఇంకా రాయాల్సింది చాలా ఉంది, ఇంకా బరువెక్కుతుంది."

"ఎక్కుతుందండీ."

బస్సు డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏంటమ్మా అది, కాగితాలేగా? ఎంతసేపు?"

"కాగితాలే నాయనా, కాస్తాగు! మా ఇంట్లో మంచి కబురు!" అని మెట్ల మీద నుంచి అత్తయ్య అరిచింది.

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. "శనివారం తర్వాత రెండో పక్క ఎవరు పడతారు?" అని అడిగింది.

అతను ఆలోచించాడు. తొందరేమీ లేనట్టు, వెనక హారన్లు మోగుతున్నవి తన కోసం కానట్టు ఆలోచించాడు.

"ఆదివారం షాపు సెలవు కదండీ," అన్నాడు.

"సోమవారం?"

"సోమవారం నేను పడతానండీ." ఎవరూ అడక్కుండానే ఇంకో మాట కూడా అన్నాడు. "వర్క్‌షాపు వాళ్లకి కబురు పెడతాను. ఆ తర్వాతా నేనే పడతాను."

ఆవిడ పమిట కొంగు నడుంలో దోపి, వంగి తన వైపు అంచు పట్టుకుంది.

"అయితే ఎత్తండి," అంది.