హేబెలు అని పిలిచే ముందు

ఏడో నెలలోనే పుట్టిన మనీష కొడుక్కి హేబెలు అని పేరనుకున్నది ఆమె మామ ఇస్రాయేలు. నల్గొండ పెద్ద దవాఖానలో పిల్లవాడు ఇరవై ఆరు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు ఆయన వరండాలో కూర్చుని మొక్కుకున్నాడు: బతికితే, దేవుడు మెచ్చిన కానుక తెచ్చినవాడి పేరే పెడతానని. పిల్లవాడు బతికాడు. ఇప్పుడు ఐదో నెల. ఆదివారం చర్చిలో పిల్లవాణ్ణి దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ. అందరి ముందు తల్లి పేరు చెప్పడం, పాస్టరు అయ్యగారు దాన్ని రిజిస్టరులో రాయడం మాత్రమే మిగిలింది.

గురువారం స్త్రీల కూడికలో అంతా చెడింది.

అయ్యగారి బిడ్డ వర్షిత హైదరాబాదులో బైబిలు చదువు చదువుతోంది. సెలవులకు వచ్చి ఆ రోజు హీబ్రూ పేర్ల గురించి చెప్పింది. ఆదాము పేరులో మట్టి ఉందట. హవ్వ అంటే జీవమట. చావును లోకంలోకి తెచ్చిన ఆవిడకు ఆ పేరు. యాకోబు అంటే మడమ పట్టుకున్నవాడట, అన్నను ముంచినవాడికి తగినట్టే. ఆడవాళ్లు నవ్వారు. ఒడిలో పిల్లవాణ్ణి ఊపుతూ మనీష కూడా నవ్వింది. తరువాత వర్షిత, కయీను అంటే సంపాదించుకున్నవాడని, అతని చేతిలో చచ్చిన తమ్ముడు హేబెలు పేరుకు అర్థం ఊపిరి, ఆవిరి, నిలవకుండా పోయేదని చెప్పింది.

మనీష ఊపడం ఆపేసింది.

ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించిన పిల్ల ఆమె. చదువుకున్నవాళ్ల నోట వచ్చిన మాటను కాదనే ధైర్యం ఆమెకు ఎప్పుడూ లేదు. ఇంటికొచ్చి అన్నం గిన్నె మూత తీసింది. ఆవిరి లేచి, చూస్తుండగానే పోయింది. గబుక్కున మూత పెట్టేసింది. భర్త పరమేష్ ఆటో తిప్పి వచ్చి, అంతా విని, వేరే పేరు పెడదాం గానీ మా నాయినను నువ్వే ఒప్పించుకో అన్నాడు.

మరునాడు పొద్దున్నే వర్షితకు ఫోన్ చేసింది.

"షేతు అని పెడితే ఎట్లుంటదక్కా?"

"షేతు అంటే బదులుగ ఇచ్చినోడు. హేబెలు సచ్చినంక ఆయన జాగల పుట్టిండు."

"వద్దక్కా. నోవహు?"

"నెమ్మది అని అర్థం. మంచిగుంటది. కాని తాగి పడ్డ కథ గూడ ఉన్నది మరి."

ఆ పని చేయడానికి ఇంట్లో మరిది ఉన్నాడు. మనీష ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. "పాపం అంటని పేరు ఒక్కటన్న లేదా అక్కా?"

"పేరును బట్టి గా కథ నడిచిందో, కథ తెలిసినంక గా పేరు చెప్పిర్రో, మా సార్లకే సక్కగ తెల్వదు చెల్లె."

ఆ మాటతో మనీషకు ఉన్న దారి కూడా తప్పింది. పేరు ముందైతే పేరే ఆ హేబెలును తీసుకుపోయినట్టు. వెనకైతే, బతికుండగా తల్లి హవ్వ వాణ్ణి ఏమని పిలిచింది?

పిల్లవాడు నిద్రపోయాక బైబిలు తెరిచి కూడబలుక్కుంటూ చదివింది. పెద్దవాడు కయీను పుట్టినప్పుడు, దేవుడి దయవల్ల నాకు దొరికాడని హవ్వ అంది. రెండోవాడు హేబెలు పుట్టినప్పుడు ఏమీ అనలేదు. రెండు కాగితాలు అతుక్కున్నాయేమోనని మనీష గోరుతో విడదీసి చూసింది. అతుక్కోలేదు. తల్లి అంత సంతోషంగా పేరు పెట్టిన పిల్లవాడే చంపాడు. పేరులో అంత బలముంటే మంచి పేరువాడు ఎట్లా చెడ్డాడు? లేకపోతే తనకు ఈ భయం ఎందుకు?

శనివారం ఇస్రాయేలు కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చోగానే అడిగేసింది, దేవుడితో కుస్తీ పట్టి కుంటివాడైన మనిషి పేరు పెట్టుకున్నందుకే నీ కాలు ఇట్లయిందా మామా అని.

ఆయన నవ్వాడు. "బాప్తిస్మం తీసుకునేదాకా ముప్పై ఏండ్లు నా పేరు ఐలేశం బిడ్డా. కప్పు మీదికెల్లి పడ్డది గా ఐలేశమే. ఇస్రాయేలు అయినంక ఇంకో కాలు ఇరగలే. గిది అతుకనూ లేదు."

"మరి హేబెలు?"

ఆయన నవ్వు ఆగింది. పొలంలో తమ్ముణ్ణి కొట్టిన చెయ్యి పేరుది కాదు, కయీనుది అన్నాడు. అది చెప్పాక కూడా కోడలి ముఖం తేటపడకపోవడం చూశాడు. "నా మొక్కు నేను దేవునితోని తేల్చుకుంట. నువ్వు ఏది చెప్తే గదే పేరు."

మనీషకు అది ఇంకా బరువైంది. తప్పయితే ఇక తనొక్కతిదే.

ఆదివారం అయ్యగారు పిల్లవాణ్ణి చేతుల్లోకి తీసుకుని, పేరేమిటమ్మా అని అడిగారు. దారి పొడుగునా నోవహు అనే వల్లించుకుంది. తీరా నోటిదాకా వచ్చేసరికి ఆ పేరుతో ఎవరో పరాయి పిల్లవాడిని ఎత్తుకున్నట్టనిపించింది. దవాఖానలో అద్దం మీద వేలితో తడుతూ ఇరవై ఆరు రోజులు పిలిచింది ఆ పేరుతో కాదు.

"హేబెలు," అంది. అక్కడితో ఆగలేకపోయింది. "ఈడు నాకు దొరికిండు అయ్యగారు. దేవుడు ఇస్తెనే దొరికిండు. గది గూడ రాయుండ్రి."

రిజిస్టరులో పేరుకు ఒకటే గడి. అయ్యగారు కలం పట్టుకుని ఆమె వైపు చూశారు. వెనక నుంచి ఎవరో అలవాటుగా ఆమెన్ అన్నారు. తను చేసింది ఒప్పో తప్పో మనీషకు తెలియలేదు. గడి పక్కన ఆయన సన్నటి అక్షరాలతో రాస్తున్నదాన్ని తలకిందులుగానే కూడబలుక్కుంటూ నిలబడింది.