చెమ్మ గోడ

బట్టలుతికే బ్రష్షుతో బాత్రూం గోడ రుద్దుతున్నాడు కృపావరం. శనివారం వచ్చిందంటే అతనికిదే పని. బ్లీచింగు నీళ్ళకి కళ్ళు మండేవి, చేతులు పొక్కిపోయేవి, గోడ మాత్రం తెల్లబడేది. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి మూలల్లో మళ్ళీ నల్లగా మొలిచేది బూజు. పాడు గోడ! పైవాటా గొట్టం కారుతున్నంతకాలం ఎంత రుద్దితే మాత్రం ఏం లాభం?

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేశాక చెరువు కాపలా పని పోయి, భార్య సుగుణని తీసుకుని ఏలూరు వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. పగలంతా తడిలో నానిన మనిషికి ఇంటికొచ్చినా తడే. ఆ చెమ్మకే సుగుణకి ఆయాసం పట్టుకుంది. పొడిగా ఉన్న ఇంట్లో ఉంచమని డాక్టరు ఏనాడో చెప్పాడు. ఇంకో ఇల్లు చూద్దామంటే, ఆమె దగ్గు విన్నవాళ్ళెవరూ గది తలుపైనా తియ్యలేదు.

లోపల్నుంచి సుగుణ ఆయాసపు పిల్లికూతలు వినబడ్డాయి. కృపావరం చేతులు తుడుచుకుని వెళ్ళి ఆమె వీపు నిమిరాడు.

"పోయిందాండీ?" అంది సుగుణ, గోడ సంగతే.

"పోయిందిలే. ఈసారి రాదు."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అంతలో ఇంటాయన పాపారావు వచ్చాడు. గొట్టం గురించి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టినా ఏనాడూ ఈ గడప తొక్కని మనిషి! ఇన్నాళ్ళకి కనికరించాడనుకుని కృపావరానికి ప్రాణం లేచొచ్చింది. పాపారావు బాత్రూం వంకైనా చూడలేదు. మంచమ్మీద మనిషిని చూసి గొంతు తగ్గించాడు.

"రేపట్నుంచి ధనిష్ఠా పంచకమండీ. ఈ రోజుల్లో ఇంట్లో ఏదన్నా జరగరానిది జరిగితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి. మీకు పట్టింపుల్లేకపోవచ్చు, మాకుంటాయి కదండీ. పెదపాడు మీ బావమరిదిగారింటికి తీసుకెళ్ళిపోండి. ఏవనుకోకండే."

"బతికున్న మనిషండీ!"

"అందుకే కదండీ ముందుగా చెబుతున్నాను."

ఎంత మర్యాదో చూశారా! ఆటో కూడా ఆయనే పిలిపించాడు.

"బ్రష్షు తీసుకోండి," అంది సుగుణ, ఆటో ఎక్కబోతూ.

"వాళ్ళవి పొడి గోడలే. ఇక దాంతో పనేముంది?" అన్నాడు కృపావరం.

పొద్దు వాలకముందే, పెదపాడులో తమ్ముడి అరుగు మీద, ఆ పొడిగాలి పీలుస్తూ పీలుస్తూ ఆగిపోయింది సుగుణ. పంచకం ఇంకా మొదలే కాలేదు.

సమాధి చేసిన మర్నాడు సామాన్ల కోసం వచ్చాడు కృపావరం. బాత్రూంలో సుత్తి చప్పుడు. తాపీమేస్త్రి చెమ్మ పట్టిన పెచ్చులన్నీ కొట్టేస్తున్నాడు. పైన కొత్త గొట్టం తళతళలాడుతోంది.

"వేరేవాళ్ళు దిగుతున్నారండీ. చంటిపిల్లతో వస్తున్నారు, చెమ్మ పడదన్నారు," అన్నాడు పాపారావు మెత్తగా.

ఒక్కరోజు పని. ఒక్కటంటే ఒక్కరోజు! కృపావరం మేస్త్రిని దాటుకుని బాత్రూంలోకి వెళ్ళాడు.

కిటికీలో, సుగుణ తీసుకోమన్న బ్రష్షు బోర్లా పడి ఉంది. అరిగిన కుచ్చు నిండా నల్లటి బూజు, ఇంకా తడారలేదు.