మిట్టమధ్యాహ్నపు తీర్పు

కాగితాలు కోసే మిషన్ కత్తి పదునుగా ఉందో లేదో చూద్దామని జనార్దన్ ముందు ఓ పాత ఫోన్ డైరెక్టరీని కోశాడు. పిడి కిందికి లాగాడో లేదో, సొరకాయ తెగినట్టు తెగింది. పుస్తకం వీపు ఓ పక్కకి, కాగితాలు ఓ పక్కకి.

"చూశావా? బంగారం! ఇలా తే ఆ పుస్తకం," అన్నాడు చెయ్యి చాపి.

అరుంధతి ఇవ్వలేదు. గుండెకి అదుముకుని గోడవైపు జరిగింది.

అది రెండువేల సంవత్సరం మొదట్లో. పేరు చివర డాట్ కామ్ తగిలిస్తే చాలు, డబ్బున్నవాళ్ళు ఎగబడే రోజులు. పాత పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తామని సింగపూర్లో కంపెనీ తెరిచిన ఆ మహానుభావులు జన్మలో ఒక్క పుస్తకం చదివిన పాపాన పోలేదు. సాయంత్రం పెట్టుబడిదారులొస్తున్నారు. వాళ్ళకి పుస్తకం మొత్తం తెరమీద కనపడాలి. పేజీ పేజీ తిప్పి స్కాన్ చేస్తే రోజులు పడుతుంది. వీపు కోసి విడికాగితాలు చేస్తే స్కానరే గబగబా మింగేస్తుంది. కోసెయ్యండి అని డైరెక్టరు హుకుం.

పుస్తకమా, మూడొందల యాభై ఏళ్ళ కిందట పోలండులో జెలిగ్ అనే రబ్బీ చేత్తో రాసింది. రబ్బీ అంటే యూదుల గురువు, తగువులు తీర్చే పెద్ద. ఇదొక్కటే ప్రతి. అచ్చుకాలేదు. కాదు, కానివ్వలేదు. దాన్ని పిండిమూటలో దాచి, రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణం అరచేత పట్టుకుని, షాంఘై మీదుగా ఇక్కడికి తెచ్చినాయన కొడుకు లీబర్ ఇప్పుడు సింగపూర్లోనే టాంపినీస్ పేటలో ఒంటరి ముసలాడు.

కంపెనీవాళ్ళు రెండుసార్లు వెళ్ళి అడిగితే ఇవ్వనన్నాడు. మూడోసారి అరుంధతిని పంపారు. లోపలికి వెళ్తూనే కింది అరలో పుస్తకాలకి ఆమె కాలు తగిలింది. చటుక్కున వంగి, తాకి, కళ్ళకద్దుకుంది. శ్రీకాకుళంలో చిన్నప్పుడబ్బిన అలవాటు, ఆలోచించి చేసింది కాదు.

ముసలాయన అది చూశాడు. "మాలో పుస్తకం కిందపడితే ముద్దు పెట్టుకుంటాం. ఇది నీకిస్తున్నాను, నీ కంపెనీకి కాదు. కుట్టు తెగకూడదు," అన్నాడు.

"తెగదు అంకుల్."

అచ్చెందుకు కాలేదని అడిగితే ఓ పేజీ తీసి ఇంగ్లీషులో చెప్పాడు. రబ్బీ తీర్పు అది: కూలికొచ్చినవాడు మిట్టమధ్యాహ్నమైనా పనిముట్టు కిందపడేసి పోవచ్చు. వాడు దేవుడికి బానిస, దేవుడి బానిసలైన సాటిమనుషులకి బానిస కాడు. మాట పాతదే, వాళ్ళ పాత గ్రంథాల్లో ఉన్నదే. రబ్బీ చేసిన నేరమల్లా దాన్ని ఊరిపెద్దల తోళ్ళు శుద్ధిచేసే కొట్టాల్లోని కూలీలకి వర్తింపజేయడం. అచ్చుకి ఆ పెద్దలే ఒప్పుకోవాలి. ఇంకేం ఒప్పుకుంటారు!

"అరుంధతీ, ఆటలొద్దు," జనార్దన్ దగ్గరికొచ్చాడు. "ఇక్కడ పనిచేసేందుకు నీకిచ్చిన పాసు రెన్యూవల్ కాగితం డైరెక్టరు డ్రాయర్లో ఉంది. సంతకం పడకపోతే యీషున్లో రూము ఖాళీ చేసి విమానం ఎక్కడమే."

"మాటిచ్చానన్నా."

"ఎవరికి? కాటికి కాళ్ళు చాపుకున్న ముసలాడికా! కోశాక అంటించి ఇద్దాం. సింగపూర్లో జిగురు దొరకదా?"

"నీ ముక్కు కోసి అంటిస్తే ఊరుకుంటావా?"

అతను నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "వచ్చే వారం కల్పన వస్తోంది. పెళ్ళయిన్నాటినుంచీ మా కాపురం ఫోన్లోనే. నా పాసూ ఆ డ్రాయర్లోనే ఉందమ్మా."

ఇద్దరి మెడకీ ఒకటే తాడు. పైనున్న డైరెక్టరు కత్తి ముట్టుకోడు. పాసు చూపించి మనచేత పట్టిస్తాడు.

జనార్దన్ పుస్తకం పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. పెనుగులాటలో అది జారి దబ్బున నేలమీద పడింది, అతని బూటుకి తగిలింది. అతనే ముందు వంగాడు. తీసి, కళ్ళకద్దుకుని, తిన్నగా కత్తికింద పెట్టాడు.

"కళ్ళకద్దుకుని మరీ కోస్తావా అన్నా?"

పిడిమీద చెయ్యి ఆగిపోయింది. 

అరుంధతి ఆఫీసు బ్యాడ్జి తీసి మిషన్ మీద పడేసింది. కత్తికింద చెయ్యి పెట్టి పుస్తకాన్ని ఇవతలికి లాక్కుంది. ఆ క్షణంలో పిడి కదిలితే వేళ్ళు పోయేవి. కదల్లేదు.

"నా పేరే చెప్పు. ఎత్తుకుపోయిందని చెప్పు."

"నేనేం చెప్పను," అన్నాడు జనార్దన్ ఆమె మొహం చూడకుండా. "నేను బాత్రూంలో ఉన్నాను. అక్కణ్ణించి ఏం కనపడుతుంది?" నిజంగానే వెళ్ళి తలుపేసుకున్నాడు.

బయట ఎండ మండిపోతోంది. రైల్లో దారిపొడుగునా పుస్తకాన్ని ఒళ్ళోంచి దించలేదు.

లీబర్ తలుపు సందులోంచే పుస్తకం అందుకుని, వీపు కుట్టుమీద బొటనవేలు పోనిచ్చాడు, చివరిదాకా.

"అప్పుడే పనైపోయిందా?"

"లేదంకుల్. మధ్యలో వదిలేసి వచ్చాను. పాసు కూడా పోయినట్టే."

ముసలాయన గడియారం వంక చూశాడు, మిట్టమధ్యాహ్నం. ఆమె వంక చూశాడు.

"వదిలేసినవాడికి మర్నాడు ఎలా గడవాలో రబ్బీగారు రాశారా?" అంది.

"లేదు. అది రాయలేదు." తలుపు బార్లా తెరిచాడు. "తిన్నావా? లోపలికి రా."