జమ్లి చెంపల పక్కన ఆఫీసు

పొద్దున్నే పొయ్యి మీద పెనం పెట్టి, రొట్టె కాలేలోపు జమ్లి తలను ఒక పక్కకు వంచేది. చెంపల పక్కన జుట్టుకు కట్టుకున్న వెండి గుగ్రీలు గలగలమని ఊగి ఆగేవి. అవి ఆగాక, హైదరాబాదు హాస్టల్లో కూతురు సరళ బకెట్టులోకి నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు వినిపించేది.

“లేచిందా?” మంచం మీంచి మొగుడు లాలు అడిగేవాడు.

“లేచింది. ఇయ్యాల గూడ ఉప్మానేనట. పక్క రూము పిల్ల వంటామెను తిడుతుంది.”

లాలు నవ్వబోయి దగ్గేవాడు. జమ్లి రొట్టె తిరగేసేది.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ తండాలో ఇదేమీ వింత కాదు. గుగ్రీలు జమ్లికి పెళ్లినాడు కట్టినవి. మొగుడు బతికున్నన్నాళ్లు ఆడది వాటిని నిద్రలో కూడా తీయదు. సరళ చదువు ముగించి కంప్యూటరు ఉద్యోగానికి బస్సెక్కిన రోజు నుంచి, ఆ పిల్ల ఎక్కడుంటే అక్కడి చప్పుళ్లు వాటిలోకి వస్తున్నాయి. ఎట్లా వస్తున్నాయని ఎవరూ అడగలేదు. వెనకింటి బాలి మాత్రం, “జీతమెంతో గూడ చెప్తయా బాయీ?” అంది.

“చప్పుడు చేసేటియి చెప్తయి. దాని జీతం ఇంకా చప్పుడు చేస్తలేదు,” అంది జమ్లి.

గుగ్రీల చప్పుడు అటు వైపు కూడా పోయేది. ఆఫీసులో సరళ చుట్టూ పొద్దంతా సన్నగా వెండి గలగల ఉండేది. ఏసీ మోతకు అలవాటు పడ్డట్టే దానికీ అందరూ అలవాటు పడ్డారు. ఒక్కసారి మాత్రం పై అధికారి పిలిచి, “లండన్ క్లయింటుతో కాల్ ఉన్నప్పుడు మీ అమ్మగారిని తల ఊపొద్దని చెప్పమ్మా, వాళ్లకు వినిపిస్తోంది,” అన్నాడు. సరళ ఇంటికి ఫోను చేసి చెప్పింది. అప్పట్నుంచి మధ్యాహ్నాలు మిర్చి తోటలో జమ్లి మెడ కర్రలా నిలబెట్టుకుని కాయలు ఏరేది. మెడ వంచకుండా మిర్చి ఏరడం ఏమిటో ఏరిన నడుముకే తెలుస్తుంది.

“ఏందే, మెడ పట్టిందా?” అని పక్క సాలులోంచి బాలి.

“లండనోళ్లు మాట్లాడుతున్నరు. ఊకో.”

మాటలు అటు పోవని తెలిసినా, సాళ్లలో ఉన్న ఆడవాళ్లంతా నోళ్లు మూసుకునేవాళ్లు. ఆ కంపెనీ కోసం అంతమంది కలిసి నోరు కట్టుకున్నందుకు ఎవరికీ ఏమీ ముట్టలేదు.

జమ్లికి ఇంగ్లీషు రాదు. అయినా ఉద్యోగం ఎట్లా నడుస్తోందో తెలిసేది. మొదట్లో నేర్పేవాళ్ల గొంతులే ఎక్కువ, సరళది తక్కువ. నేర్చుకునే కాలం కదా, సగం జీతమే అన్నారు. నేర్చుకోవడం అయిపోయాక ఆ మిగతా సగం మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత సరళ గొంతే ఎక్కువైంది. కొత్తగా చేరిన ప్రతి గుంపునూ తెచ్చి ఆమె ముందు కూర్చోబెట్టేవాళ్లు.

“నీకు ఓపిక ఎక్కువ సరళా, నువ్వయితేనే బాగా నేర్పుతావు.”

ఆడదాని ఓపికను పొగిడారంటే ఆమెకు ఇవ్వాల్సింది ఏదో ఎగ్గొడుతున్నారని అర్థం. ఆ కంపెనీలో విదేశాల్లోని క్లయింటుకు బిల్లు వేసిన గంటలే పని. కొత్తవాళ్లకు నేర్పిన గంటలు ఏ బిల్లులోకీ రావు. ఏడాది చివర ఎవరెంత పనిచేశారో తేల్చినప్పుడు నేర్చుకున్నవాళ్లు పైన, నేర్పినామె అడుగున ఉండేవాళ్లు.

అట్లా నేర్చుకున్నవాళ్లలో వెంకటకృష్ణ ఒకడు. వైరా కాలువ కింద పొలాలున్న రైతు కొడుకు. చేరిన కొత్తలో “సరళ గారూ, ఇదొక్కటి చూపిస్తారా, మళ్లీ అడగను,” అని రోజుకు పదిసార్లు అడిగేవాడు. మర్యాద తెలిసిన పిలగాడని జమ్లి మురిసింది. కొన్నాళ్లకు ‘గారు’ రాలిపోయింది. ఆ తర్వాత పేరూ పోయి ‘ఇదిగో’ మిగిలింది.

ఒకరోజు గుగ్రీల్లో చప్పట్లు మోగాయి. గది నిండా జనం ఉన్నట్టున్నారు, ఎంతకీ ఆగలేదు. జమ్లి మిర్చి గంప దించేసింది. “మా పిల్లకు పెద్ద కుర్సీ ఇచ్చిండ్రు!” సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచింది. తండా సగం తిరిగేసరికి చెవి పక్కన నల్లా తిప్పిన చప్పుడయింది. నీళ్లు ధారగా పడుతున్నాయి. కింద బకెట్టు లేదు, చెంబు లేదు, చేతులు కడుగుతున్నట్టూ లేదు. ఆ నీళ్ల మోత వెనక దాక్కుని సరళ ఏడుస్తోంది.

కుర్చీ వెంకటకృష్ణకు ఇచ్చారు. ఆడపిల్ల, రేపు పెళ్లయితే ఉంటుందో పోతుందో అన్నారు. ఆ చప్పట్లలో సరళవి కూడా ఉన్నాయి.

జమ్లి మిగతా ఇళ్లకూ బెల్లం పంచింది. సగంలో ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు.

ఆదివారం ఫోనులో తల్లితో, “అంతా మంచిగనే ఉంది యాడీ,” అంది సరళ.

“అవ్ బిడ్డా,” అంది జమ్లి.

తల్లి విన్నదని కూతురికి తెలుసు. కూతురికి తెలుసని తల్లికీ తెలుసు. అయినా వాళ్లిద్దరూ ప్రతి ఆదివారం అట్లాగే మాట్లాడుకున్నారు.

సరళ ఆ కంపెనీని వదలకపోవడానికి కారణం లాలు. మణుగూరులో ఏళ్ల తరబడి లారీలకు బొగ్గు ఎత్తిన మనిషి. ఆ బొగ్గు ఊపిరితిత్తుల్లో దిగబడింది. ఊపిరాడక ఖమ్మం తీసుకుపోయిన ప్రతిసారీ పెద్ద దవాఖానా తలుపు తెరిపించింది సరళ కంపెనీ ఇచ్చిన కార్డే. ఉద్యోగి తల్లిదండ్రుల వైద్యం కూడా దాని కిందికి వస్తుంది. మధ్యలో వేరే కంపెనీ వాళ్లు ఎక్కువ జీతానికి సరళను పిలిచారు. అక్కడ తల్లిదండ్రులకు కార్డు లేదు. ఆమె వెళ్లలేదు.

“నా కోసమని ఆడ పడి ఉండకు బిడ్డా. పో,” అన్నాడు లాలు.

“ఈ మాట దగ్గకుండా చెప్పు బాపూ, అప్పుడు పోతా.”

లాలు నోరు తెరవగానే దగ్గు అందుకుంది.

అమెరికాలో బ్యాంకులు మునిగిన మరుసటి ఎండాకాలం, గుగ్రీల్లో కీబోర్డుల చప్పుడు వెలిసిపోతున్న వానలా పలచబడింది. ఒక్కో కుర్చీ ఖాళీ అవుతోంది. జమ్లి తల వంచి ఆ చప్పుళ్లలోంచి తన పిల్ల వేళ్లను వేరు చేసుకుని, అవి ఆడుతున్నాయని తెలిశాకే అన్నం తినేది.

అట్లాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం లాలు మంచినీళ్లు అడిగాడు. జమ్లి చెంబు తెచ్చేసరికి పోయాడు.

తండా అంతా వచ్చింది. పక్కింటి మంగీలాల్ సరళకు ఫోను కలిపాడు. అటు ఫోను మోగడం జమ్లికి గుగ్రీల్లో వినిపించింది. ఎక్కడో సొరుగులో, మూసిన సొరుగులో మోగుతోంది.

“ఎత్తదు. ఫోను బయట పెట్టించి దాన్ని గదిలోకి పిలిచిండ్రు,” అంది జమ్లి. లాలు తల ఆమె ఒళ్లోనే ఉంది. “ఇద్దరున్నరు దాని ముందట.”

లాలు అక్క హేమ్లి వచ్చి పక్కన కూర్చుంది. ఆమె చెంపలు బోసిపోయి చాలా ఏళ్లయింది. మొగుడు పోయినదాని గుగ్రీలు ఆడబిడ్డే తీయాలి, శవం లేవకముందే తీయాలి. జమ్లి పోయి ఉంటే లాలు ఒంటి మీంచి తీయాల్సింది ఏమీ ఉండేది కాదు. మగవాళ్లు పెళ్లిని ఒంటిమీద పెట్టుకోరు.

“జమ్లీ, పొద్దుగూకకముందే లేపాలంటున్నరు,” అంది హేమ్లి ఏడుస్తూనే.

“జర ఆగు బాయీ. నీ కాల్మొక్త. పిల్ల గదిల ఉంది.”

హేమ్లి ఆగింది.

గదిలో వెంకటకృష్ణ గొంతు. “నువ్వే మానేస్తున్నట్టు రాసి సంతకం పెట్టు సరళా. నీకూ గౌరవం, మాకూ ఇబ్బంది ఉండదు.”

“నన్నెందుకు? నేను నేర్పినవాళ్లంతా ఉంటున్నారు కదా.”

“నీ గంటలు చూడు. సగం గంటలకు బిల్లే లేదు.”

“అవి నీకు నేర్పిన గంటలే కృష్ణా.”

తర్వాత ఎవరో ఆడమనిషి, తియ్యటి గొంతు. “మీ నాన్నగారి ఆరోగ్యం గురించి మాకు తెలుసమ్మా. నువ్వు సంతకం పెడితే ఆయన కార్డు మూడు నెలలు ఉంచుతాం. పెట్టకపోతే మేమే తీసేయాలి. అప్పుడు కార్డు ఇవాళ్టితో ఆగిపోతుంది. ఆలోచించుకో.”

కుర్చీ కదిలిన చప్పుడు. కాగితం బల్ల మీద జరిగిన చప్పుడు.

“ఏడ పెట్టాలె?” అంది సరళ. ఆఫీసు తెలుగు పోయి తండా గొంతు వచ్చేసింది.

జమ్లి ఒళ్లో ఉన్న ముఖాన్ని చూసింది. ఆ ముఖానికి కార్డుతో పని లేదు. ఆ సంగతి గదిలో ఉన్న పిల్లకు తెలియదు. పోయిన మనిషి దవాఖానా కోసం అది తన ఉద్యోగాన్ని తన చేత్తో రాసిచ్చేస్తోంది.

“సరళా!” అని అరిచింది. అరుపు అటు పోదని ఆమెకు తెలుసు. అటు పోయేది గుగ్రీల చప్పుడొక్కటే.

ఆమె తలను అటూ ఇటూ గట్టిగా విసిరింది. ఇంకోసారి విసిరింది. గుగ్రీలు చెంపలకు తగిలి గీరుకుపోయాయి. దుఃఖం ఆపుకోలేక ఊగుతోందనుకుని ఆడవాళ్లు పట్టుకోబోయారు.

“బాయీ, తీయి,” అంది హేమ్లితో. “జల్దీ తీయి.”

“ఇప్పుడే గదనే ఆగమంటివి?”

“అది సంతకం పెడుతుంది. తీయి!”

హేమ్లికి అర్థమైంది. వేళ్లతో ముడి వెతికింది. ఏళ్లనాటి ముడి, నూనెకు, చెమటకు బిగిసిపోయింది. పళ్లతో కొరికింది. కుడి వైపు ఊడి వచ్చింది. ఎడమ గుగ్రీలో కలం మూత తీసిన చప్పుడు చిన్నగా వినిపించింది. హేమ్లి జుట్టుతో సహా లాగేసింది.

అంతే. ఆ తర్వాత జమ్లికి ఏడుస్తున్న ఆడవాళ్లు, కోళ్లు, ఎక్కడో ట్రాక్టరు వినిపించాయి. తండాలో ఇన్ని చప్పుళ్లు ఉంటాయని ఆమె మరిచిపోయింది.

పొద్దుగూకకముందే లాలును లేపారు.

మర్నాడు మొదటి బస్సుకు సరళ వచ్చింది. ఆమె వస్తున్నట్టు జమ్లికి తెలియలేదు. గడప మీద నీడ పడితే ఉలిక్కిపడి చూసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. చాలాసేపటికి జమ్లే అడిగింది.

“పెట్టినవా?”

“కలం కాగితం మీదనే ఉండె యాడీ. ముందు నీ గుగ్రీలు గట్టిగ మోగినయి. గంత గట్టిగ ఎన్నడూ మోగలే. కృష్ణ గూడ తలెత్తి చూసిండు. ఒక పక్క ఆగింది. తర్వాత రెండో పక్క.” సరళ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “బాపు పోయిండని తెలిసింది. కలం ఆడ పెట్టిన. నేను రాయను, మీరే తీసేయండి అన్న. మరి మీ నాన్న కార్డు అని అడిగిందామె. ఆయనకు ఇగ అక్కర లేదన్న.”

“ఏమన్నరు?”

“తీసేసిండ్రు. పని తక్కువై తీసేస్తున్నమని వాళ్లే రాసిచ్చిండ్రు. నా అంతట నేను పోయిన్నని మాత్రం ఎవ్వలూ అనలేరు.”

జమ్లి తల ఊపింది. ఏ చప్పుడూ కాలేదు. సరళ చేయి చాచి తల్లి చెంపను, తెగిన జుట్టు దగ్గర ఎండిన రక్తాన్ని ముట్టుకుంది. ఇక తను ఏ ఊళ్లో ఏ కొలువులో చేరినా, అక్కడి చప్పుడు ఈ చెంప దాకా రాదు.

జమ్లి కూతురి ముఖంలోకి తేరిపార చూసింది. ఉద్యోగానికి పోయిన నాటి నుంచి ఆమెను ఎన్నడూ అడగాల్సిన అవసరం రాని మాట ఒకటి, నోటికి కొత్తగా ఉన్నట్టు, మెల్లగా అడిగింది.

“తిన్నవా బిడ్డా?”

“తిన్న యాడీ.”

తిన్నదో లేదో జమ్లికి తెలియలేదు.