కార్జం కజ్జికాయలు

కార్జం ఇంకాస్త సన్నగా తరిగి ఉంటే కజ్జికాయ అంచు ఇలా పిగిలేది కాదు, అయినా మనిషి కోసమా ఇంత పనితనం, కుక్క కోసం, అనుకుంది తిరుపాలమ్మ, అనుకుంటూనే పిగిలిన అంచుకి తడివేలు రాసి మళ్ళీ నొక్కింది, ఎందుకంటే పక్క పొయ్యి మీద దేవిక చేస్తున్న గవ్వలు వేగుతున్నాయి, గుడ్డు కలిపిన గవ్వలట, గుడ్డిగవ్వ చెయ్యవు, వాటి వాసనకి లూలూ పెరటి గుమ్మం అవతల తోక ఊపుతోంది, ఆ తోక ఇన్నేళ్ళూ తిరుపాలమ్మ చెప్పుల చప్పుడుకే ఊగిన తోక, ఇప్పుడు కోనసీమ గాలి సోకి అటు తిరిగింది, పండక్కి కుక్కకి పిండివంట చేయించే సరదా మామా అని పిలిపించుకునే ఇంటి యజమానురాలిది, ఈద్ వస్తే చుట్టాలకి హల్వా, లూలూకి కార్జం కజ్జికాయలు, చేసే చెయ్యి మాత్రం ఈ కడప చెయ్యే, వేసవి సెలవులకని లండన్ వెళ్ళిన ఆ మామా ఇక తిరిగి రాలేకపోయింది, ఇరాక్ వాళ్ళు వచ్చి అందరినీ ఇరకాటంలో పెట్టారు, కువైట్ మొత్తం కుయ్యోమంటోంది, ఈసారి ఈద్ దాకా ఎవరుంటారో ఎవరు పోతారో, ఇవాళ దీపావళి కదా, ఇవాళే చేసేద్దాం అనుకుంది, వెలుగు కనిపిస్తే తుపాకులొస్తాయని దీపం పోయి ఆవలింత మిగిలిన దీపావళి.

అయ్ బాబోయ్, పిండి అంత గట్టిగా కలిపేశారేంటండి అక్కా, మా బంగారుతల్లి పళ్ళు ఊడిపోవాండి, అంది దేవిక, మా బంగారుతల్లట, మా ఎప్పుడయిందమ్మా మా, పక్కింట్లో పిల్లల్ని ఆడించుకునే పిల్ల, ఆ ఇంటివాళ్ళు చెప్పా పెట్టకుండా సౌదీ దారి పట్టేస్తే ఒక్కతే గోడకి ఆనుకుని వణుకుతుంటే, రామ్మే, సచ్చినా బతికినా ఇద్దరం ఈన్నే అని తలుపు తీసిన పాపానికి ఇల్లు దక్కింది, కుక్కా దక్కింది, నీకేం తెల్సుమే, గట్టిగుంటేనే నమల్తాది, నమిలినంతసేపు మొరగదు, మొన్న ఎనక వీధిలో కుక్క మొరిగినందుకే గదా కాల్చి పారేసినారు, అంది తిరుపాలమ్మ, అలాగాండి అని ఊరుకుంది దేవిక, తనతో మాటంటే అలాగాండి, సరేనండి, అక్కడితో ఖలాస్, అదే లూలూతో అయితే, ఒసేయ్ దొంగా, ఆకలేసిందేంటే, మా ఊళ్ళో పడవెక్కి సంతకెళ్ళేవోళ్ళం తెలుసా, మా ఆయన ఈత రాక మునిగిపోబోయాడే అని పడీ పడీ నవ్వుతూ చెబుతుంది, పక్కగదిలో పడుకుని వింటూ తిరుపాలమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, నవ్వాక కడుపు మండుతుంది, బిస్కెట్ వెయ్యడం అంటే ఇదే కదా, మనిషికి వేస్తే కాకా పట్టడం, కుక్కకి వేస్తే ప్రేమా.

గేటు దబదబా మోగింది, యల్లా యల్లా, కానీండి కానీండి అని ఇరాక్ సైనికుల కేకలు, పొయ్యి ఆపి, లూలూ మెడపట్టీ పుచ్చుకుని ఇద్దరూ సామాన్ల గదిలోకి దూరి గడియ పెట్టుకున్నారు, తిరుపాలమ్మ చేతిలో వేగిన కజ్జికాయల పళ్ళెం, దేవిక చేతిలో పిడికెడు గవ్వలు, మిగతావి వంటగదిలోనే, బూట్లు ఇంట్లోకొచ్చాయి, లూలూ గొంతులో గుర్రు మొదలైంది, దేవిక గవ్వలు పెట్టింది, గుటుక్కు గుటుక్కుమని మింగేసి అది మళ్ళీ గుర్రుమంది, ఈసారి పెద్దగా, ఇక మొరగడమే తరువాయి, వద్దే తల్లీ వద్దే అంటూ దేవిక ఏడుస్తోంది, తిరుపాలమ్మ కజ్జికాయని దాని పళ్ళ మధ్య ఇరికించింది, లూలూ ఆ గట్టి అంచుని దవడతో పట్టి నమిలింది, లోపలి కార్జం నాలిక్కి తగిలాక ఇక లోకం పట్టలేదు దానికి, ఒకటయ్యాక ఇంకొకటి, అవతల టీవీ ఈడ్చుకుపోతున్న చప్పుడు, నవ్వులు, బండి కదిలిన చప్పుడు, బయటికొచ్చి చూస్తే బాణలి పక్కన గవ్వల పళ్ళెం ఖాళీ, కుక్కకని చేసినవి తినేశారండి అని కళ్ళు తుడుచుకుంటూనే కిసుక్కుమంది దేవిక, చూశావా, దొంగలకి కూడా దీని గవ్వలే నచ్చాయి అని అప్పుడు కూడా చురుక్కుమంది తిరుపాలమ్మకి.

అయినా గెలిచింది తనే కదా, లూలూ దేవికని దాటుకుని వచ్చి తన మోకాలి మీద తల పెట్టింది, కావలసింది ఇదే కదా, కానీ మనసు అటు పోవడం లేదు, దేవిక ఎక్కడి నుంచో కొబ్బరినూనె సీసా తెచ్చి ఎదురుగా చతికిలబడింది, పండగపూట తలంటు లేకుండా ఉండకూడదే, మన ప్రాణాలు నిలిపావు కదే, నూరేళ్ళు బతుకు, అంటూ లూలూ మాడు మీద నూనె పోసి అరచేత్తో మెల్లగా తడుతోంది, తట్టినప్పుడల్లా దాని కళ్ళు మూతలు పడుతున్నాయి, ఆ చెయ్యి తన మోకాలికి జానెడు దూరంలోనే ఆడుతోంది, పనిలోకి వచ్చాక తన తలని పరాయి చెయ్యి తాకిన జ్ఞాపకమే లేదు, కొంగు కింద మాడు ఎండిన నేలలా చిటపటమంటోంది, నాకూ ఇంత పెట్టుమే అన్న మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూచుంది, కుక్క బరువు మోకాలి మీద ఉన్నా లేనట్టే ఉంది, అప్పుడు తెలిసింది తిరుపాలమ్మకి, ఇన్నాళ్ళూ తను ఏడ్చింది కుక్కని లాక్కున్న దేవికని చూసి కాదు, దేవికని లాక్కున్న కుక్కని చూసి.